సెలైన్ గొట్టంలోకి రక్తం వెనుకకు రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

సెలైన్ ఎక్కుతుండగా గొట్టంలోకి రక్తం వెనుకకు వచ్చి ఎర్రగా కనిపించడం ఆసుపత్రి వార్డులలో తరచుగా జరిగేదే. ఆ దృశ్యం రోగి బంధువులను కలవరపెడుతుంది. ఒక్కొక్కసారి నిర్లక్ష్యానికి నిదర్శనంగా ఛాయాచిత్రంతో సహా పత్రికలకెక్కుతుంది. వాస్తవానికి గొట్టంలోకి వచ్చే రక్తం పరిమాణం స్వల్పం. అసలు నష్టం ఆ రక్తం కాన్యులాలో గడ్డకట్టి మార్గాన్ని మూసివేయడం వలన కలుగుతుంది. అప్పుడు మందు ఆగిపోతుంది, రోగికి మరొకచోట సూది గుచ్చవలసి వస్తుంది.

1950లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ప్లాస్టిక్ సూదిని ప్రవేశపెట్టిన తరువాత, మెత్తని గొట్టాన్ని సిరలో కొన్ని రోజులపాటు ఉంచే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. దానితోపాటే ఆ గొట్టం మూసుకుపోకుండా కాపాడే బాధ్యత కూడా వైద్య సిబ్బందిపై పడింది.

కారణం పీడన వ్యత్యాసమే

ద్రవం ఎక్కువ పీడనం నుండి తక్కువ పీడనం వైపు ప్రవహిస్తుంది. పడుకున్న రోగి చేతి సిరలో పీడనం సుమారు 10 మిల్లీమీటర్ల పాదరసం అనుకుంటే, అది దాదాపు 14 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. సీసాను గుండె మట్టానికి 90 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీసినపుడు సుమారు 66 మిల్లీమీటర్ల పీడనం లభిస్తుంది గనుక ద్రవం సిరలోకి పోతుంది. సీసా ఖాళీ అయినా, రోగి మరుగుదొడ్డికి వెళ్లేటపుడు సహాయకులు సీసాను నడుము మట్టానికి దించి పట్టుకున్నా ఈ లెక్క తారుమారవుతుంది. కాన్యులా ఉన్న చేతికే రక్తపోటు కొలిచే పట్టీ బిగించినపుడు సిరలో రక్తం నిలిచి, అక్కడి పీడనం పెరిగి, రక్తం గొట్టంలోకి ఎగదన్నుతుంది.

అయితే కాన్యులా అమర్చే క్షణంలో దాని వెనుక భాగంలో రక్తం కనిపించడం దోషం కాదు. సూది రక్తనాళంలో చేరినదనడానికి అది గుర్తు. ఎర్రని రక్తం నాడితోపాటు కొట్టుకుంటూ గొట్టంలోకి ఎగసివస్తే మాత్రం సూది ధమనిలోకి వెళ్లిందేమోనని అనుమానించి వెంటనే వైద్యునికి తెలియజేయాలి.

వార్డులో పాటించవలసినవి

సీసా పూర్తిగా ఖాళీ కాకముందే మార్చడం లేదా గొట్టాన్ని మూసివేయడం ప్రథమ జాగ్రత్త. రక్తపోటును రెండవ చేతికి చూడాలి. రోగి లేచి నడిచేటపుడు సీసాను తలకంటె ఎత్తుగా పట్టుకోవాలని సహాయకులకు ముందే చెప్పాలి. ఒకే మార్గంలో రెండు ద్రవాలు ఎక్కించేటపుడు, ఒకవైపే తెరుచుకునే కవాటమున్న సెట్టును వాడడం మేలు.

మందు ఇచ్చిన పిదప 0.9 శాతం సెలైన్‌ను కొద్దికొద్దిగా, ఆగి ఆగి నెట్టి గొట్టాన్ని శుభ్రపరచాలి. సిరంజిని చివరివరకు నొక్కితే రబ్బరు వెనుకకు లాగి రక్తాన్ని పీల్చుకునే అవకాశముంది. అందువలన సుమారు అర మిల్లీలీటరు మిగిల్చి ఆపాలి. సిరంజి తీసివేసే ముందు క్లాంపు వేయాలా, తరువాత వేయాలా అన్నది కనెక్టర్ రకాన్ని బట్టి ఉంటుంది. తీసేటపుడు రక్తాన్ని లోనికి లాగే రకానికి ముందుగాను, ద్రవాన్ని సిర వైపు నెట్టే రకానికి తరువాతను క్లాంపు వేయాలి. తయారీదారు సూచనలను సిబ్బందికి అందుబాటులో ఉంచాలి.

గొట్టం అప్పటికే మూసుకుపోతే సెలైన్‌ను బలంగా నెట్టరాదు. అలా చేస్తే గడ్డ రక్తప్రవాహంలోకి పోవచ్చు, సిర దెబ్బతినవచ్చు.

అధికారులు, విలేకరులు గమనించవలసినవి

చంటిపిల్లలకు, కాన్సర్ చికిత్స పొందేవారికి పనికివచ్చే సిర దొరకడమే కష్టం. మూత్రపిండాల వ్యాధిగ్రస్తుల చేతి సిరలు మున్ముందు డయాలసిస్ కోసం అవసరమవుతాయి. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తరించిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో అనవసరంగా గుచ్చే ప్రతి సూదీ రోగి భవిష్యత్ చికిత్సకు నష్టమే.

కనుక తనిఖీకి వెళ్లే అధికారులు తగినంత ఎత్తు గల స్టాండ్లు, సరిపడా సిరంజిలు, సెలైన్ ఉన్నవా, రాత్రివేళ సీసాలను గమనించే సిబ్బంది ఉన్నారా అన్నది పరిశీలించవలసి ఉంది. విలేకరులు కూడా గొట్టంలో రక్తం కనిపించిందన్న విషయంతోనే ఆగక, దానిని ఎంతసేపటికి గమనించారు, ఏమి చేశారు అని విచారించి వ్రాసినట్లయితే ప్రజలకు మేలు జరుగుతుంది.