పుస్తెల పక్కన పగడం

మా నాయనమ్మ మెడలో పుస్తెలకు అటొకటి, ఇటొకటి రెండు పగడాలుండేవి. చిన్నతనంలో ఆమె ఒళ్ళో పడుకుని వాటితో ఆడుకోవడం నాకు అలవాటు. బంగారం మెరిసేది, ముత్యం నిగనిగలాడేది. పగడానికి ఆ హంగులేవీ లేవు. అయినా నా చెయ్యి దానిమీదికే పోయేది. "ఇవి ఈడ పుట్టినయి గావు కొడుకా, సముద్రం అవుతలికెళ్ళి వచ్చినయి" అనేది ఆమె. మా ఊరు గోపాల్‌పేట. వనపర్తి పొరుగున ఒకప్పుడు చిన్న సంస్థానంగా బతికిన ఊరు. అక్కడి పిల్లలకు తెలిసిన సముద్రమల్లా ఊరి చెరువే. అంచేత నాయనమ్మ మాటను రాజకుమారుడి కథల్లో ఒకటిగా జమకట్టి ఊరుకున్నాను.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పగడాలు ఇప్పుడు మా ఆవిడ పుస్తెల తాడుకు చేరాయి. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను ఒకనాడు గ్రంథాలయంలో పాత వర్తకాల చరిత్ర తిరగవేస్తూ ఉంటే, నాయనమ్మ చెప్పింది కథ కాదని తేలింది. వెనుకటి రోజుల్లో మన రేవులకు దిగిన మేలిరకం ఎర్ర పగడంలో చాలా భాగం మధ్యధరా సముద్రంలో పుట్టినది. దాన్ని ఇటు పంపిన వర్తకులలో ముఖ్యులు యూదులు!

"ఈ దసరా సెలవుల్లో యూదుల జాడ వెతుకుతూ తిరిగి వద్దామా?" అన్నాను మా ఆవిడతో.

"కొచ్చిన్‌కేనా?" అన్నది. ఆమె తప్పేమీ లేదు. మన దేశంలో యూదులనగానే కొచ్చిన్‌లో 1568లో కట్టిన పరదేశి ప్రార్థనాలయమే అందరికీ గుర్తుకు వస్తుంది.

"కొచ్చిన్ కాదు. ముందు గోలకొండ. అక్కడినుంచి గుంటూరు."

"గుంటూరులో యూదులేమిటండీ?" అని పెట్టె సర్దుతున్నదల్లా ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రయాణం.

ఎర్ర రాయి వచ్చింది, తెల్ల రాయి పోయింది

వనపర్తిలో బస్సెక్కి, జడ్చర్ల మీదుగా హైదరాబాదు చేరి, మర్నాడు ఉదయమే గోలకొండ ఎక్కాము. బాలాహిస్సార్ మీదినుంచి చూస్తే ఊరంతా కాళ్ళకింద పరచుకుని ఉంటుంది. వజ్రాల బేరసారాలకు ఒకనాడు పేరుపడిన కార్వాన్ కూడా ఆ దిక్కునే. గోలకొండ వజ్రం అని లోకమంతా అంటుంది గాని, గోలకొండలో వజ్రాల గని లేదు. ఇది సంత మాత్రమే. గనులు కృష్ణ ఒడ్డున, కొల్లూరు వంటి చోట్ల ఉండేవి. పదిహేడో శతాబ్దంలో కొల్లూరు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయం నీటి కింద ఉన్నది.

మరి యూదులకూ ఈ గనులకూ ఏమిటి సంబంధం? దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1492లో స్పెయిన్ రాజదంపతులు తమ రాజ్యంలోని యూదులను మతమైనా మార్చుకోండి, దేశమైనా విడిచిపొండి అన్నారు. ఎందరో పొరుగున ఉన్న పోర్చుగల్‌కు పోయారు. అక్కడ 1497లో బలవంతపు మతమార్పిళ్ళు ఎదురైనాయి. అటుతరువాత వారి సంతతి చెట్టుకొకరు పుట్టకొకరుగా ఇటలీలోని లివోర్నో రేవుకు, ఆమ్‌స్టర్‌డామ్‌కు, 1656 తరువాత లండన్‌కు చేరారు. ఇల్లూ పొలమూ నమ్ముకోవడానికి వీలులేని వారికి మూటకట్టుకుని పోగలిగిన సరుకే ఆస్తి. పగడం అటువంటిది. వజ్రం అంతకంటే అటువంటిది.

లివోర్నోలో సానపట్టిన పగడాలు లండన్ చేరేవి. లండన్ యూదు వర్తకులు ఈస్టిండియా కంపెనీ అనుమతి తీసుకుని వాటిని మద్రాసుకు ఓడల్లో పంపేవారు. మన దేశంలో పగడం అంటే ప్రాణం. దానిని అమ్మిన సొమ్ముతో వజ్రాలు కొని తిరుగు ఓడలో పంపేవారు. ఆ వజ్రాలను సానపట్టేవారిలోనూ ఆమ్‌స్టర్‌డామ్ యూదులకు గొప్ప పేరు. ఇటు ఎర్ర రాయి వచ్చింది, అటు తెల్ల రాయి పోయింది. మన ఆడపడుచుల పుస్తెల పక్కన పగడం చేరితే, వాళ్ళ రాణుల కిరీటాల్లో మన కృష్ణ ఒడ్డు వజ్రం చేరిందన్నమాట.

ఈ వ్యాపారం కోసం కొందరు యూదులు మద్రాసులోనే కాపురం పెట్టారు. వారిలో జాక్ డి పైవా అనే ఆయన గోలకొండ రాజ్యంలోని గనుల దాకా స్వయంగా ప్రయాణం చేసి, తిరిగి వచ్చి, 1687లో మద్రాసులో కన్నుమూశాడు. సరిగ్గా ఆ ఏడే ఔరంగజేబు గోలకొండ కోటను పట్టుకున్నాడు. ఆ మరుసటి సంవత్సరం మద్రాసు నగరపాలక సభ ఏర్పడినప్పుడు అందులో యూదు వర్తకులకు కూడా స్థానం దక్కింది. స్పెయిన్‌లో నిలవనీయని వారికి తెలుగూ తమిళమూ కలిసి మాట్లాడే ఆ రేవులో పాలకసభలో కుర్చీ వేశారు! అయితే కంపెనీ వారికి కావలసింది వారి వేదం కాదు, వారి వ్యాపారం. వ్యాపారం మారగానే ఆ కుటుంబాలూ కరిగిపోయాయి. ఆనాటి సమాధి రాళ్ళు కొన్ని ఒకచోటినుంచి ఇంకొకచోటికి మారి మారి, చివరకు చెన్నై లాయిడ్స్ రోడ్డులో తలదాచుకున్నాయి. చచ్చినా వలస తప్పలేదు కాబోలు!

గోలకొండలో ఒక దిగంబరుడు

కోట దిగి వస్తుంటే మా ఆవిడ అడిగింది: "వచ్చిన వాళ్ళంతా వజ్రాల కోసమేనా? ఒక్కరైనా వేరే పనిమీద రాలేదా?"

వచ్చాడు, ఒకాయన. పేరు సర్మద్. పారశీక దేశంనుంచి వచ్చిన యూదు వంశస్థుడు. వర్తకుడు, పండితుడు. ఇస్లాం స్వీకరించి, సింధు దేశంలోని ఠట్టా రేవుకు వ్యాపారం మీద వచ్చి, అక్కడ అభయచంద్ అనే హిందూ యువకుడిని చూశాడు. ఆ అనురాగంలో సరుకు పోయింది, సంపద పోయింది, చివరకు ఒంటిమీద బట్ట కూడా పోయింది. దిగంబరుడై, పారశీకంలో పద్యాలు చెప్పుకుంటూ, ఆ శిష్యుణ్ణి వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగాడు. అలా తిరుగుతూ అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో మన హైదరాబాదుకు వచ్చాడు.

ఇక్కడే 1647లో ఒక విశేషం జరిగింది. లోకంలోని మతాలన్నిటిని గురించీ 'దబిస్తాన్' అనే పారశీక గ్రంథం రాస్తున్న రచయిత సర్మద్‌ను హైదరాబాదులో కలుసుకున్నాడు. యూదుల మతం గురించి ఆ గ్రంథంలో ఉన్న సమాచారం సర్మద్ చెప్పినది. యూదుల ధర్మగ్రంథమైన తోరా మొదటి భాగాన్ని పారశీకంలోకి తెచ్చి అందించినది ఎవరనుకున్నారు? ఆ హిందూ శిష్యుడు అభయచంద్! యూదుడిగా పుట్టి ముస్లిము అయిన గురువు, హిందువుగా పుట్టిన శిష్యుడు, ఒకరి వేదం మరొకరి నోట. ఇటువంటి ముచ్చట మన నేలమీద జరిగిందని పాఠ్యపుస్తకాలలో పిల్లలకు ఎవరూ చెప్పరు.

సర్మద్ తరువాత ఢిల్లీ వెళ్ళి దారా షికోకు ఆప్తుడయ్యాడు. దారాను చంపించిన ఔరంగజేబు 1661లో సర్మద్ తల కూడా తీయించాడు. ఢిల్లీ జామా మసీదు దగ్గర ఆయన సమాధికి నేటికీ అన్ని మతాలవారూ వెళతారు.

చేబ్రోలు దారిలో

హైదరాబాదులో రైలెక్కి గుంటూరులో దిగాము. గుంటూరునుంచి పొన్నూరు పోయే దారిలో చేబ్రోలు వస్తుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరు. దానికి దగ్గరలోనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు. తమను 'బెనె ఎఫ్రాయిమ్' అని, అంటే ఎఫ్రాయిము సంతానమని చెప్పుకుంటారు.

బైబిలు కథ తెలిసినవారికి ఎఫ్రాయిము పేరు కొత్త కాదు. యోసేపు రెండవ కొడుకు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలలో పది గోత్రాలు క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో అస్సీరియా దండయాత్రలో చెదిరిపోయాయని చెబుతారు. ఎఫ్రాయిము వారు ఆ పదింటిలో ఒకరు. వారిలో కొందరు తిరిగి తిరిగి తెలుగు నేలకు చేరారనీ, తాము వారి బిడ్డలమనీ ఈ కుటుంబాల విశ్వాసం. వీరు మాదిగ కులంలో పుట్టి, పెద్దల కాలంనుంచి క్రైస్తవులుగా ఉన్నవారు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ఈ మార్గానికి పెద్దలు. బోధకుడిగా ఉన్న షమూయేల్ 1980లలో జెరూసలేము చూసి వచ్చాక, తమవారు యూదులేనని ఆ దశాబ్దం చివర ప్రకటించారు. 1991లో కొత్తరెడ్డిపాలెంలో ప్రార్థనాలయం వెలిసింది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరిమీద 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు. వారు చూసిన నాటికి ఊళ్ళో ఉన్నవి సుమారు 40 కుటుంబాలు.

మేము వెళ్ళింది శుక్రవారం సాయంత్రం. యూదులకు శనివారం విశ్రాంతి దినం. వారి లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది గనుక శుక్రవారం పొద్దుగూకగానే దీపాలు వెలిగిస్తారు. మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. కుర్చీలు వేశారు, మంచినీళ్ళిచ్చారు. ప్రార్థన హీబ్రూలో సాగింది. నడుమ తెలుగులో చెప్పిన మాటలు మాత్రం మా ఇద్దరికీ అర్థమయ్యాయి. దీపాల ముందు తలకు కొంగు కప్పుకున్న ఆడవారిని చూస్తుంటే కార్తీకమాసపు సందెవేళ గుర్తుకు వచ్చింది. ప్రార్థన కాగానే 'షబ్బాత్ షాలోమ్' అని పలకరించుకున్నారు. విశ్రాంతి దినం శాంతిగా సాగాలని దీవెన.

తెలుగు మేష్టారి బుద్ధి ఊరుకుంటుందా? తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడతో అన్నాను: "వీరి భక్తి నిజమే. కాని ఎఫ్రాయిమునుంచి వీరిదాకా ఆధారం కావాలి కదా! శాసనమా, కాగితమా, ఏమీ లేదు. చరిత్రకు అందేది ముప్పైనలభై ఏళ్ళ కథే."

ఆమె కాసేపు కిటికీలోంచి పొలాలు చూసి, "మన గోత్రానికి కాగితం ఉందా అండీ?" అన్నది.

నేను మాట్లాడలేదు. పెళ్ళిపీటల మీద గోత్రం చెప్పినప్పుడు, ఆ ఋషినుంచి మా తాతదాకా దస్తావేజులు చూపించమని నన్నెవరూ అడగలేదు. గుడిలో పూజారి అడగలేదు, సర్కారు అడగలేదు. ఊరి చివర పుట్టినవాడు నాకూ ఒక వంశకథ ఉన్నదంటే మాత్రం ఆధారం ఎక్కడని అందరమూ లేచి నిలబడతాము. అందులో మొదటివాణ్ణి నేనే అయ్యాను.

గుర్తింపు అనే గడప

గుర్తింపు అన్నది వీరికి ఉత్త మాట కాదు. ఇశ్రాయేలు దేశపు మతాధికారులు వీరిని యూదులుగా ఇంకా అంగీకరించలేదు. ఇక్కడ చూస్తే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వూ దాని సవరణల ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. పుట్టిన కులం మోపిన బరువు మతం మారితే దిగదు. ఆ బరువుకు సర్కారు ఇచ్చే ఆసరా మాత్రం దిగిపోతుంది. అటు ఆ గడపా, ఇటు ఈ గడపా. నడుమ పిల్లల చదువులు, ఉద్యోగాలు.

ఈ గడప దాటినవారు మన దేశంలో లేకపోలేదు. కొంకణ తీరాన నూనె గానుగలు ఆడుతూ, శనివారం మాత్రం గానుగ కట్టని వారుండేవారు. ఊరివారు వారిని 'శనివారపు తేలీలు' అని పిలిచేవారు. వారే బెనె ఇజ్రాయెల్ యూదులు. ఇశ్రాయేలుకు వలసపోయాక వారి యూదుతనాన్నీ అక్కడివారు శంకించారు. ఎంతో ఆందోళన చేసిన తరువాత 1964లో గాని వారికి పూర్తి సమానత్వం దక్కలేదు. మణిపూర్, మిజోరం ప్రాంతాల బెనె మెనాషే వారిని 2005లో అక్కడి ప్రధాన మతాచార్యులలో ఒకరు చెదిరిన గోత్రాల సంతతిగా ఒప్పుకున్నారు. మన కొత్తరెడ్డిపాలెం వారి వంతు ఎప్పుడో కాలమే చెప్పాలి. ఈలోగా ప్రతి శుక్రవారం సాయంత్రం దీపం వెలుగుతూనే ఉన్నది.

గోపాల్‌పేటకు తిరిగి వచ్చాక పుస్తెల తాడు కొత్తగా గుచ్చించడానికి మా అవుసలాయన దగ్గరికి వెళ్ళాము. ఆయన తాడు విప్పి, పగడాలు రెండూ అరచేతిలో వేసుకున్నాడు. నేను ఊరుకోక, "ఇది ఇటలీ నుంచి వచ్చిందేనంటావా? ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాను. నా మాస్టరీ ఇంకా దిగలేదన్నమాట!

ఆయన పగడాన్ని వెలుతురుకు పట్టి చూసి, నవ్వి, "ఏడికెళ్ళి వస్తేంది సారూ! మూడు తరాల సంది మెడల ఉన్నంక ఇది మీ ఇంటిదే గద" అని పుస్తెల పక్కన ఎక్కించాడు.