జిటోమిర్ బాధ్యత తీసుకున్న ఎస్టోనియా

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు, ఆ యుద్ధపు సెగ గుంటూరు, ప్రకాశం మెట్ట పల్లెలను కూడా తాకింది. వైద్యవిద్యకు వెళ్లిన తెలుగు విద్యార్థులు చదువు మధ్యలోనే వదిలి భారత ప్రభుత్వం నడిపిన ‘ఆపరేషన్ గంగ’ విమానాల్లో తిరిగివచ్చారు. పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచే దిగుమతి అవుతుండడంతో వంటనూనె ధర పెరిగింది. ఆ ఏడే నల్ల తామరపురుగు వల్ల మిరప తోటలు దెబ్బతిని అప్పుల్లో మునిగిన రైతును పొటాష్ ఎరువు ఖర్చు మరింత కుంగదీసింది, ఎందుకంటే మన దేశానికి పొటాష్ అందించే ప్రధాన దేశాల్లో రష్యా, బెలారస్ ఉన్నాయి. యుద్ధపు వార్తలు ఇంత దగ్గరగా తగిలినా, ఉక్రెయిన్‌లో పోరు సాగుతుండగానే మొదలైన పునర్నిర్మాణం గురించి మన పత్రికల్లో వచ్చింది చాలా తక్కువ. అందులోనూ ఎస్టోనియా అనే చిన్న దేశం చేస్తున్న పని తప్పక తెలుసుకోదగినది.

బాల్టిక్ సముద్ర తీరాన ఉన్న ఎస్టోనియా జనాభా సుమారు 13.7 లక్షలు. 2011 జనగణన ప్రకారం ఒక్క ఉమ్మడి గుంటూరు జిల్లాలోనే 48 లక్షల మందికి పైగా ఉన్నారంటే, ఆ దేశం ఎంత చిన్నదో అర్థమవుతుంది. 2022 జులైలో స్విట్జర్లాండ్‌లోని లుగానో నగరంలో ఉక్రెయిన్ పునరుద్ధరణ సదస్సు జరిగినప్పుడు ఒక్కో దేశం ఒక్కో ప్రాంతాన్ని తన బాధ్యతగా స్వీకరించాలన్న ఆలోచన ముందుకు రాగా, ఎస్టోనియా జిటోమిర్ ఒబ్లాస్ట్‌ను ఎంచుకుంది. ఒబ్లాస్ట్ అంటే మన రాష్ట్రానికీ జిల్లాకూ మధ్యస్థంగా ఉండే పాలనా విభాగం. రాజధాని కీవ్‌కు పడమర నుంచి ఉత్తరాన బెలారస్ సరిహద్దు వరకూ పరచుకున్న జిటోమిర్ విస్తీర్ణం దాదాపు 30,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలను కలిపితే వచ్చేంత. యుద్ధానికి ముందు అక్కడి జనాభా సుమారు 12 లక్షలు కనుక, సాయం చేసే దేశమూ సాయం పొందే ప్రాంతమూ జనసంఖ్యలో ఇంచుమించు సమానమే.

ఎస్టోనియా పెట్టుకున్న తొలి పని వంతెనో విద్యుత్ కేంద్రమో కాదు, బెలారస్ సరిహద్దుకు దగ్గరలోని ఓవ్రూచ్ పట్టణంలో ఒక శిశు విద్యాలయం. మన అంగన్‌వాడీకీ నర్సరీ బడికీ నడుమ నిలిచే ఆ సంస్థను 2023లో తెరిచారు. పునర్నిర్మాణం అనగానే లెక్కల్లోకి వచ్చేవి సిమెంటు, ఇనుము, రోడ్లు అయినప్పటికీ, యుద్ధకాలంలో మగవాళ్లు చాలామంది సైన్యంలో ఉండగా ఇల్లూ ఉద్యోగమూ మోస్తున్న తల్లికి, బిడ్డను నమ్మకంగా వదిలివెళ్లే చోటు లేకపోతే మిగిలే దారి వలస ఒక్కటే. కుటుంబాలు కదలిపోయిన పట్టణంలో తర్వాత ఎన్ని రోడ్లు వేసినా నడిచేవారుండరు. పంట పోయిన ఏడు పల్లె విడిచి కూలికి వెళ్లిన కుటుంబాల పిల్లల చదువు ఏమవుతుందో చూసిన పల్నాటి ఉపాధ్యాయులకు ఈ మాట వివరించనక్కర్లేదు. అందువల్ల బడితో మొదలుపెట్టడం దూరదృష్టిగల నిర్ణయమనే చెప్పాలి.

ఇంత చిన్న దేశానికి ఇంత పట్టుదల ఎక్కడిదన్న ప్రశ్నకు దాని చరిత్రే జవాబు. 1918లో స్వతంత్రమైన ఎస్టోనియాను 1940లో సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. 1944 బాంబుదాడుల్లో రాజధాని టాలిన్, సరిహద్దు పట్టణం నార్వా తీవ్రంగా ధ్వంసమయ్యాయి. 1949 మార్చిలో కొద్ది రోజుల వ్యవధిలో 20,000 మందికి పైగా ప్రజలను, వారిలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, సైబీరియాకు తరలించారు. 1991 ఆగస్టులో తిరిగి స్వాతంత్ర్యం దక్కినా రష్యా సైన్యం చివరి దళాలు వెళ్లింది 1994లో. ఉక్రెయిన్ ఓడితే తర్వాతి వంతు తమదేనన్న భయం ఈ సాయంలో ఉందన్నది నిజమే, ఎస్టోనియా నాయకులు దాన్ని దాచనూ లేదు; ఆ భయం వల్ల సాయం విలువ తగ్గదు.

ఎస్టోనియా ఉక్రెయిన్‌కు అందించినది కట్టడాలే కాదు, పాలనా అనుభవం కూడా. సోవియట్ పాలన నుంచి బయటపడ్డాక ఆ దేశం తన ప్రభుత్వ యంత్రాంగాన్ని కొత్తగా కట్టుకున్న క్రమంలో 2001లో ‘ఎక్స్-రోడ్’ అనే వ్యవస్థను నెలకొల్పింది. సమాచారాన్నంతా ఒకేచోట పోగుచేయకుండా, ఏ శాఖ వివరాలు ఆ శాఖ వద్దే ఉంచి, అవసరమైనంత మేరకే భద్రమైన మార్గంలో మరో శాఖకు అందించడం దాని పద్ధతి. మీసేవ కేంద్రంలో ఒక ధ్రువపత్రం కోసం మరో రెండు కార్యాలయాల పత్రాలు తెచ్చుకున్నవారికి దీని ఉపయోగం సులువుగా తెలుస్తుంది. ఉక్రెయిన్ వాడుతున్న ‘ట్రెంబీటా’ వ్యవస్థ యుద్ధానికి ముందే ఈ నమూనాపై రూపొందింది. ఉక్రెయిన్ 2020లో తెచ్చిన ‘దియా’ అనే ఫోన్ యాప్ అనుభవంతో తానూ అలాంటిదాన్ని తయారుచేసుకుంటానని 2023లో ఎస్టోనియా ప్రకటించింది కనుక, నేర్పిన దేశమే నేర్చుకునే దేశం కూడా అయింది.

అయితే పునర్నిర్మాణానికి అయ్యే మొత్తం ఖర్చు ముందు ఎస్టోనియా పడుతున్న ఈ శ్రమ చాలా చిన్నది. ప్రపంచ బ్యాంకు మరికొన్ని సంస్థలతో కలిసి 2025 ఫిబ్రవరిలో వేసిన అంచనా ప్రకారం పదేళ్లలో ఉక్రెయిన్ పునర్నిర్మాణానికి 52,400 కోట్ల డాలర్లు కావాలి. ఇంత భారాన్ని మిత్రదేశాల పన్ను చెల్లింపుదారులే మోయడం న్యాయం కాదని, నష్టం చేసినవారే చెల్లించాలని ఎస్టోనియా వాదిస్తోంది. ఆంక్షల కింద స్తంభింపజేసిన రష్యన్ ఆస్తులను, వాటి యజమానులకు ఆక్రమణతో సంబంధం ఉన్నట్టు తగినంతగా రుజువైతే, ఉక్రెయిన్‌కు నష్టపరిహారంగా వాడేందుకు వీలుకల్పించే చట్టాన్ని ఆ దేశ పార్లమెంటు 2024 మేలో ఆమోదించింది.