కర్త లేని క్రియ

వ్యాకరణము చదువుకొను బాలునకు మొదట నేర్పునవి కర్త, కర్మ, క్రియలు. క్రియ యున్నచోట కర్త యుండవలెను. పైకి కనబడనిచో వెదకి తెచ్చుకొనవలెను. పెద్ద కంపెనీల ప్రకటనలలో మాత్రము ఈ నియమము చెల్లదు. “లోపము సంభవించినది”, “నిబంధనలు ఉల్లంఘింపబడినవి” అందురు. ఉల్లంఘించిన దెవరు? ఆ ప్రశ్నకు ప్రకటనలో జవాబుండదు. పెక్కుసార్లు తీర్పులోను ఉండదు.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలు నగరమున యూనియన్ కార్బైడ్ వారి పురుగుమందుల కర్మాగారము నుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడి, నిద్రించుచున్న జనముపై క్రమ్ముకొన్నది. వేలమంది మరణించిరి, లక్షలమంది వ్యాధిగ్రస్తులైరి. వాయువు తనంత తాను వెడలినదని చెప్పుట సులభము. కాని దానిని చల్లగా నుంచవలసిన యంత్రమును కొన్ని నెలల ముందే ఆపివేసి యుండిరి. వెలువడిన వాయువును కాల్చివేయవలసిన గోపురము ఆ రాత్రి పనిచేయు స్థితిలో లేదు. 1982లోనే అమెరికాలోని మాతృసంస్థ పంపిన తనిఖీ బృందము పెక్కు లోపములను ఎత్తి చూపియుండెను. ఇవి యన్నియు మనుష్యులు చేసిన, చేయక విడిచిన పనులే.

చట్టము దృష్టిలో కంపెనీ యొక వ్యక్తి. అది ఆస్తి సంపాదించును, అప్పు చేయును, వ్యాజ్యము వేయును. కాని దానికి దేహము లేదు గనుక చెఱసాల లేదు. జరిమానా విధించినచో ఆ సొమ్ము వాటాదారులది. అధ్యక్షుని జేబులోనిది కాదు. 1989లో కార్బైడ్ కంపెనీ 47 కోట్ల డాలర్ల పరిహారమునకు రాజీపడగా, ఆ రాజీతో క్రిమినల్ కేసులును రద్దయ్యెను. 1991లో సుప్రీంకోర్టు వానిని పునరుద్ధరించెను.

మాతృసంస్థ అధ్యక్షుడు వారెన్ ఆండర్సన్‌ను 1984 డిసెంబరు 7న భోపాలులో నిర్బంధించి, ఆనాడే జామీనుపై విడిచిరి. స్వదేశమునకు పోయిన ఆయన విచారణకు మరల రాలేదు. అప్పగింపుమని 2003లో భారత ప్రభుత్వము కోరగా అమెరికా అంగీకరింపలేదు. 2014లో ఆయన మరణించెను. ఇచ్చటి అధికారులపై మోపిన దోషపూరిత నరహత్యారోపణను 1996లో సుప్రీంకోర్టు నిర్లక్ష్యముచే మరణము కలిగించుటగా తగ్గించెను. దానికి గరిష్ఠ శిక్ష 2 ఏండ్లు. 2010 జూన్ 7న, అనగా ఇరువదియైదేండ్ల పిమ్మట, బ్రతికియున్న ఏడుగురికి ఆ శిక్షయే పడినది. ఆనాడే వారు జామీనుపై ఇండ్లకు పోయిరి.

మన హైదరాబాదు ముచ్చట దీని ప్రక్కన నిలిపి చూడుడు. సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు 2009 జనవరి 7న లెక్కలు తారుమారైన సంగతి స్వయముగ లేఖలో ఒప్పుకొనెను. 2015లో ప్రత్యేక న్యాయస్థానము ఆయనతో కలిపి మొత్తము పదిమందికి 7 ఏండ్ల ఖైదు విధించెను. అప్పీలుపై ఆ శిక్ష అమలు నిలిచినది. పుస్తకములలోని అబద్ధపు అంకెలకు 7 ఏండ్లు. వేల ప్రాణములకు 2 ఏండ్లు! ధనమును తూచిన తక్కెడ వేరు, ప్రాణమును తూచిన తక్కెడ వేరు.

“ఎక్కడనో కార్మికుడు చేసిన పొరపాటునకు అధ్యక్షుని దండించుట న్యాయమా?” అని కొందరడుగుదురు. ప్రశ్న సమంజసమే. కుర్చీలో కూర్చున్నంత మాత్రమున ఎవరును దోషి కారాదు. అయితే అపాయము ఆయనకు తెలియునా? ఆపు అధికారము ఆయనకు కలదా? ఉండియు ఆపలేదా? ఈ మూడింటికిని అవునని రుజువైనచో, తప్పు కుర్చీది కాదు, మనిషిది. చేసినవానితో పాటు చేయించినవాడును ఫలభాగియే యన్నది మన పెద్దల ధర్మము. లాభము వచ్చిననాడు “నా దక్షత” యని మెడ చాచి దండ వేయించుకొన్న వాడు, నష్టము వచ్చిననాడు “కంపెనీ చేసినది” యని తప్పించుకొనరాదు.

చట్టము కొంత కదిలినది. 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, కంపెనీ కర్మాగారమునకు డైరెక్టర్లలో నొకరే బాధ్యులని నిర్దేశించిరి. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత నిర్లక్ష్య మరణమునకు శిక్షను 5 ఏండ్ల వరకు పెంచినది. కాని విచారణ ఇరువదియైదేండ్లు సాగినచో ఏ శిక్షయైనను వట్టి అక్షరమే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. వార్తాపత్రికలోని ఇట్టి ప్రకటన నొకదానిని తెచ్చి, పిల్లలచేత కర్తరి ప్రయోగమునకు మార్పింపుడు. కర్త స్థానమున ఏ పేరు వ్రాయవలెనో తెలియక వారు కలము ఆపుదురు. ఆ పేరు అడుగుట వారికి అలవాటు కావలెను.