ఊరు మారునప్పుడు బడికి దగ్గర ఇల్లు చూడండి



వేసవి సెలవులు వచ్చినవంటే మా సాలూరు ప్రాంతములో ఊరు మారే కుటుంబములు ఎక్కువగా కనబడతాయి. లారీల ఊరుగా పేరుపడిన సాలూరు నుండి డ్రైవర్లు, మెకానిక్కులు విశాఖపట్నము, గాజువాక వైపు వెళుతున్నారు. పాచిపెంట, మక్కువ మండలముల కొండ గ్రామముల నుండి యౌవనస్థులు కట్టడపు పనుల కొరకు విజయవాడ, హైదరాబాదు, చెన్నై చేరుతున్నారు. ఉపాధ్యాయులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు బదిలీ ఉత్తర్వులు అందుకొని బయలుదేరుతున్నారు. మరికొందరు ఘాట్ రోడ్డు ఎక్కి ఒడిషాలోని సునాబెడ, దామంజోడి కర్మాగారముల దగ్గరకు పోతున్నారు. సంఘ బదిలీ ఉత్తరము కొరకు మా దగ్గరకు వచ్చినప్పుడు వారు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. “అయ్యగారూ, అక్కడ ఏ పేటలో ఉంటే పిల్లలకు మంచిదండి?”

ఇది చిన్న ప్రశ్న కాదు. జీతమెంతో, ఇంటద్దె ఎంతో ఒక్క పూటలో తెలిసిపోతుంది. పిల్లవాని చదువు ఏ దారిన పోయినదో తెలియుటకు పదేళ్ళు పడుతుంది. లోతు యొర్దాను మైదానమును చూచి నీళ్ళున్నవని ఎంచుకొన్నాడే గాని, ఆ ఊరి మనుషులు ఎటువంటివారో, తన పిల్లలు అక్కడ ఎలా పెరుగుతారో విచారించలేదు. మనము మాత్రము విచారించి అడుగు వేయుట మంచిది. అందుకు ఉపయోగపడే కొన్ని సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

ప్రయాణ భారము ఎవరు మోయాలి?

క్రొత్త ఊరికి వెళ్ళినవారు సాధారణముగా తండ్రి పనిచేసే చోటికి దగ్గరగా ఇల్లు తీసుకొంటారు. తరువాత మంచి బడి ఎక్కడున్నదని వెదకి, పిల్లలను ఆటోలోనో బడి బస్సులోనో పది కిలోమీటర్లు పంపిస్తారు. మేము చెప్పేది దీనికి తలక్రిందులు. ముందు బడిని చూడండి, ఆ బడికి నడిచిపోగల దూరములో ఇల్లు చూడండి, పనికి దూరమైతే ఆ దూరము పెద్దవారే పోవాలి.

లెక్క వేసి చూడండి. విద్యా హక్కు చట్టము ప్రకారము 6 నుండి 8 తరగతులకు ఏడాదిలో కనీసము 220 పనిదినములు ఉండాలి. పోవుటకు ఒక గంట, వచ్చుటకు ఒక గంట చొప్పున పిల్లవాడు ఏడాదికి 440 గంటలు బండిలోనే గడుపుతాడు. అవి వాడు ఆడుకోవలసిన గంటలు, తల్లి దగ్గర కూర్చొని పాఠము చదువుకోవలసిన గంటలు. ప్రాథమిక పాఠశాల ఇంటికి ఒక కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల ఉండాలని ఆ చట్టము క్రింద చేసిన నిబంధనలు చెప్పుటలో అర్థము ఇదే. చిన్న బిడ్డ తన కాళ్ళతో చేరుకోగల బడి ఉండాలి.

పేటను ఎలా చూడాలి?

విశాఖపట్నమునే తీసుకొందాము, మన ప్రాంతము వారు ఎక్కువగా చేరేది అక్కడికే. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు గాజువాక పురపాలక సంఘమూ, చుట్టుపక్కల 32 గ్రామములూ నగరములో కలిసినవి. గనుక నగరపు అంచులలో రెండు రకముల పేటలు ఉన్నవి. ఒకటి, పాత ఊరు. అక్కడ సర్కారు బడి, సంత, చర్చి, గుడి, ఒకరినొకరు ఎరిగిన ఇళ్ళు ఉంటాయి. రెండవది, పొలములలో వేసిన క్రొత్త లేఅవుటు. అక్కడ రోడ్లు వెడల్పుగా ఉంటాయి, మేడలు అందముగా ఉంటాయి, కాని బడికీ ఆసుపత్రికీ బండి ఎక్కవలసిందే. అద్దె సమానమైతే చిన్న పిల్లలున్న కుటుంబమునకు పాత ఊరికి దగ్గర ఇల్లే మేలని మా అభిప్రాయము.

ఇల్లు మాట్లాడుకొనే ముందు ఆ పేటను రెండు పూటలు చూడండి. ఉదయము బడి వేళ వెళ్ళితే పిల్లలు రోడ్డు ఎలా దాటుతున్నారో తెలుస్తుంది. రాత్రి ఎనిమిది గంటలకు వెళ్ళితే వీధి దీపములు, సారా దుకాణములు, ఆడపిల్లలు తిరిగే ధైర్యము తెలుస్తాయి. కుళాయి నీరు ఏ వేళకు వస్తుందో ప్రక్క ఇంటి అమ్మను అడగండి. ఇంటి యజమాని చెప్పనిది ఆమె చెప్పుతుంది. ఆదివారము ఆరాధనకు వెళ్ళుటకు ఎంత దూరమో కూడా అప్పుడే చూచుకోండి. ఎందుకంటే భర్త పనికి పోయిన తరువాత క్రొత్త ఊరిలో ఒంటరిగా మిగిలేది తల్లియే. ఆమెకు నాలుగు ఇళ్ళ పరిచయము లేకపోతే ఆ ఇంటిలో నెమ్మది ఉండదు.

చుట్టూ ఏ కర్మాగారములు ఉన్నవో తప్పక విచారించండి. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురము దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్న చుట్టుపక్కల కుటుంబములపై పడినది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. అద్దె తక్కువని కర్మాగారపు గోడ ప్రక్కన పిల్లలతో కాపురము పెట్టుట గూర్చి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

బడిని ఎలా పరీక్షించాలి?

బోర్డు పెద్దదిగా ఉన్నదనీ, యూనిఫారము మెరుస్తున్నదనీ బడిని నిర్ణయించవద్దు. మా సలహాలు ఇవి.

మొదట, ఆ బడికి ప్రభుత్వ గుర్తింపు ఉన్నదా, ఏ తరగతి వరకు ఉన్నదో అడగండి. గుర్తింపు పొందిన ప్రతి బడికి 11 అంకెల యూడైస్ నెంబరు ఉంటుంది. అది అడిగితే తడబడే బడిలో మీ బిడ్డను చేర్చవద్దు.

రెండవది, ఎంతమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడో చూడండి. ప్రాథమిక తరగతులలో 30 మందికి ఒకరు, పై తరగతులలో 35 మందికి ఒకరు అని చట్టము చెప్పుచున్నది.

మూడవది, మరుగుదొడ్లు చూడండి. ఆడపిల్లలకు వేరుగా ఉండి, నీళ్ళుండి, తలుపుకు గొళ్ళెము ఉన్నదా? పెద్దమనిషి అయిన ఆడపిల్ల చదువు మాని ఇంటిలో కూర్చొనుటకు ఈ గొళ్ళెము లేకపోవుట కూడా ఒక కారణము అవుతుంది.

నాలుగవది, అక్కడ చదివే పిల్లవానిని పిలిచి నోటు పుస్తకము చూపించమనండి. ఉపాధ్యాయుడు దిద్దిన గుర్తులున్నవా? వాడు తన పాఠము తానే చదువగలడా?

ఐదవది, పిల్లలను కొట్టే బడి వద్దు. శారీరక దండనను, మనస్సు నొప్పించుటను చట్టము నిషేధించినది. చేర్చుకొనుటకు బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టుటను, డొనేషను అడుగుటను కూడా నిషేధించినది.

ఈ అయిదు సంగతులు ఉన్న సర్కారు బడి, ఇవి లేని ప్రయివేటు బడి కంటె నూరు రెట్లు మేలు. కువి మాటలో, కొండ భాషలో, ఆదివాసీ ఒడియాలో పెరిగిన చిన్న పిల్లల విషయములో ఇంకొక మాట. ఇంటి భాష ఒకటి, ఊరి భాష ఒకటి, బడి భాష మరొకటి అయితే మొదటి ఏడాది బిడ్డ మౌనముగా ఉంటాడు. అది మందబుద్ధి కాదు. ఆ మౌనమును ఓర్చుకొనే టీచరు ఉన్న బడిని వెదకండి.

కాగితముల విషయములో జాగ్రత్త

బయలుదేరే ముందు టి.సి., జన్మ ధృవీకరణ పత్రము, ఆధార్, కుల ధృవీకరణ పత్రము ఒక సంచిలో పెట్టుకోండి. 8వ తరగతి వరకు చదివే పిల్లవాడు సర్కారు బడికో ఎయిడెడ్ బడికో మారునప్పుడు ప్రధానోపాధ్యాయుడు వెంటనే టి.సి. ఇవ్వాలి. ఒకవేళ అది ఆలస్యమైనా, ఆ కారణముచేత క్రొత్త బడి పిల్లవానిని చేర్చుకొనుట ఆపరాదు. వయస్సు పత్రము లేదని త్రిప్పి పంపరాదు. విద్యా సంవత్సరము మధ్యలో వచ్చినా చేర్చుకోవలసిందే. ఈ సంగతి తెలియక నెలల తరబడి బిడ్డను ఇంటిలో ఉంచుకొనే తల్లిదండ్రులు ఎందరో. అయినను వీలున్నవారు మన రాష్ట్రములో బడులు తెరిచే జూన్ నెలకు ముందే మారుట మంచిది.

నవోదయ విద్యాలయముపై ఆశ పెట్టుకొన్నవారు ఇంకొకటి గమనించాలి. అక్కడ కనీసము 75 శాతము సీట్లు గ్రామీణ పిల్లలకు ఉన్నవి. ఆ కోటా క్రిందికి రావలెనంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్ళలో ఒక్క రోజు పట్టణపు బడిలో చదివినా పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు. 5వ తరగతి ఏ జిల్లాలో చదువుతున్నాడో ఆ జిల్లా నవోదయకే దరఖాస్తు చేయాలి. గనుక 4వ తరగతి పిల్లవానిని పల్లె నుండి సాలూరు పట్టణమునకు మార్చే ముందే ఈ లెక్క చూచుకోవాలి.

పెద్ద పిల్లల విషయములో స్థానికత ముఖ్యము. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారము కాలేజీ ప్రవేశములలో 85 శాతము సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్ళు వరుసగా ఎక్కడ చదివితే అక్కడివారగుట ఇందులో ప్రధాన నియమము. ఇంటర్ తరువాత చదువులకైతే అవి 9వ తరగతి నుండి ఇంటర్ రెండవ సంవత్సరము వరకు. సాలూరు నుండి విజయవాడకు మారినవారు ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతములోనే ఉంటారు. తిరుపతికో, హైదరాబాదుకో మారితే ఆ లెక్క మారిపోతుంది.

రాష్ట్రము దాటే గిరిజన కుటుంబములకు

ఈ మాట మా కొండ సంఘముల వారు ప్రత్యేకముగా వినాలని కోరుచున్నాము. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రము వారీగా ఉంటుంది. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి సంగతి చూడండి. ఆయన తండ్రికి ఎస్.టి. కోటాలోనే బొంబాయిలో కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఉద్యోగము వచ్చినది. కుమారుడు తొమ్మిదేళ్ళ వయస్సు నుండి అక్కడే చదివి, మెడికల్ సీటుకు ఎస్.టి.గా దరఖాస్తు చేసుకొన్నాడు. ఆంధ్రప్రదేశ్ ధృవపత్రము మహారాష్ట్ర సీటుకు చెల్లదన్నారు. 1990లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనము కూడా అదే తీర్పు చెప్పినది. తండ్రి పని కొరకు మారినాడు, కుమారుడు సీటు కోల్పోయినాడు.

సునాబెడ, దామంజోడి మన సాలూరుకు కొండ అవతలి ఊళ్ళే. ఒకే తెగ పేరు రెండు రాష్ట్రముల జాబితాలో ఉన్నా, ఇక్కడి నుండి వెళ్ళినవారికి ఆ రాష్ట్రపు కోటా రాదు. అయితే భయపడవద్దు. కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థలలో, ఉద్యోగములలో మీ సొంత రాష్ట్రపు ఎస్.టి. పత్రము చెల్లుతుంది. గనుక అక్కడకు వెళ్ళేవారు పత్రము ఇక్కడే తీసుకొని వెళ్ళాలి. పిల్లలను వీలైతే కేంద్ర బోర్డు బడిలో చేర్చితే, తిరిగి రావలసి వచ్చినా, మరొక రాష్ట్రమునకు పోవలసి వచ్చినా చదువు తెగదు. రేషను బియ్యము గూర్చి కూడా దిగులు వద్దు. ఒకే దేశము ఒకే రేషను కార్డు పద్ధతి ఇప్పుడు అన్ని రాష్ట్రములలో ఉన్నది.

పిల్లలను విడిచి వెళ్ళవచ్చునా?

అవ్వ తాతల దగ్గర గాని, ఆశ్రమ పాఠశాలలో గాని పిల్లలను ఉంచి భార్యాభర్తలు పనికి పోయే కుటుంబములు మనలో ఉన్నవి. వారిని తప్పుపట్టుటకు మేము ఈ మాటలు వ్రాయుట లేదు. కొన్ని వేళల అదే మంచి నిర్ణయము. 9వ లేక 10వ తరగతి చదివే పిల్లవానిని మధ్యలో లాగవద్దు, ఆ పరీక్ష ముగియనివ్వండి. ఏకలవ్య పాఠశాలలోనో, కస్తూర్బా విద్యాలయములోనో 6వ తరగతి సీటు వచ్చిన బిడ్డ అక్కడ సంతోషముగా ఉంటే ఆ సీటును తేలికగా విడువవద్దు. కాని కట్టడపు పని నాలుగు నెలలకే అయిపోతుందని తెలిసికూడా, పిల్లలను బడి మాన్పించి పనిచోటికి తీసుకొనిపోవుట మాత్రము వద్దు. ఆ ప్రయాణములోనే ఎందరో పిల్లల చదువు ముగిసిపోతున్నది.

పదేళ్ళ లోపు బిడ్డలనైతే, స్థిరమైన పని దొరికినప్పుడు వెంట తీసుకొనివెళ్ళండి. మంచి హాస్టలు అన్నము పెట్టగలదు, పాఠము చెప్పగలదు. రాత్రి జ్వరము వస్తే నుదురు మీద చెయ్యి వేసి కూర్చొనేది తల్లి.

తుదకు ఒక మాట. వెళ్ళే నిర్ణయము తండ్రి ఒక్కడే చేయకూడదు. భార్యతో మాట్లాడండి, పెద్ద పిల్లలనూ ప్రక్కన కూర్చోబెట్టుకోండి. ముందు తండ్రి ఒక నెల ఒంటరిగా వెళ్ళి, గది తీసుకొని ఉండి, సెలవు రోజులలో పేటలు తిరిగి బడులు చూడాలి. ఒక ఆదివారము భార్యను రప్పించి చూపించాలి. ఆమె సరేనన్న తరువాతనే అడ్వాన్సు ఇవ్వాలి. అక్కడి సంఘములో మన ప్రాంతపువారు ఎవరైనా ఉంటే, ఏ బడిలో టీచర్లు ఎలా చెప్పుచున్నారో వారే మీకు మొదట చెప్పగలరు. బదిలీ ఉత్తరము కొరకు మా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబమును మేము ఇప్పుడు ముందుగా ఒకటి అడుగుచున్నాము. పిల్లల టి.సి. తీసుకొన్నారా? అది లేదంటే, ముందు బడికి పంపి, తరువాతనే మా ఉత్తరము వ్రాసి ఇచ్చుచున్నాము.