ఇంటికి ఇంటర్నెట్ తీగ

“ఏ కంపెనీ తీగ వేయించుకొనవలెను?” అని గ్రామస్థులు పంచాయతీ సభ్యులను అడుగుచుందురు. 2017 డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమున, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టెలివిజను, టెలిఫోను లభించునని నాడు ప్రకటింపబడినది. ధర చూచుట తప్పుకాదు. కాని ముందుగా విచారింపవలసినది మరమ్మతును గూర్చి.

ఫైబర్‌నెట్ తీగలు చాలవరకు విద్యుత్ స్తంభముల మీదుగా సాగినవి. అందువలన వ్యయము తగ్గినది. గాలివానలో కొమ్మ విరిగిపడినచో తీగ తెగుటయు అంతే సులభము. మన తిరుపతి, చిత్తూరు జిల్లాలలో ఈశాన్య ఋతుపవనపు వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. ఆ మూడు నెలలు అదే తీగతో గడపిన పొరుగింటివారిని అడుగుడు: తెగిన తీగను ఎన్నిదినములకు అతికిరి? వారి సమాధానము ఏ ప్రకటన కంటెను విలువైనది.

వేగమును రాత్రి ఎనిమిది గంటలకు పరీక్షింపుడు, ఉదయమున కాదు. ఒకే తీగను అనేక గృహములకు పంచుదురు గనుక అందరును చూచు వేళ వేగము తగ్గవచ్చును. నెలసరి డేటా పరిమితి దాటిన పిదప మిగులు వేగమెంతయో, పెట్టెకు కట్టిన డిపాజిట్టు తిరిగి వచ్చునో లేదో వ్రాతమూలకముగా తీసికొనవలెను. కరెంటు పోయినచో పెట్టె పనిచేయదు. చదువుకొను పిల్లలున్న యింట చిన్న బ్యాటరీ అవసరము.

కొన్ని వీధులలో తీగ భూమిలో నుండును. కుళాయి గొట్టములకు త్రవ్వించునపుడు పంచాయతీవారు ముందురోజే ఆపరేటరుకు కబురు చేయవలెను.