మన వెబ్‌సైటు భారము తగ్గిన విధము

2024 ఆగస్టు 7వ తేదీ, జాతీయ చేనేత దినోత్సవమునాడు, మన సంఘపు వెబ్‌సైటు ఉదయము పది గంటలకే నిలిచిపోయినది. ఏడాదిలో నాలుగు చీరలు ఎక్కువ అమ్ముడుపోవు రోజది. సర్వరు అద్దెకిచ్చినవారిని అడుగగా, ఇంకను పెద్దది తీసికొనుడనిరి. నూలు బాకీలే తీరని మనకు ఆ అద్దె ఎక్కడిది?

మన సభ్యులలో ఒకరి కుమారుడు కోడు వ్రాయుట నేర్చినవాడు. రెండు రాత్రులు కూర్చుండి చూచి, "సర్వరుచేత వృథా చాకిరి చేయించుచున్నాము" అనెను. చీరల పుట తెరచినపుడెల్ల, కోడు మొదట 40 చీరల పట్టీని తెచ్చి, పిమ్మట ఒక్కొక్క చీర నేసినవారి పేరుకై డేటాబేసు వద్దకు మరల పోవుచుండెను. ఒక్క పుటకు 41 ప్రయాణములు! గంపెడు కండెలు ఒకేసారి తెచ్చుకొనక, ఒక్కొక్క కండెకు మగ్గము దిగి పోవువారు మనలో ఉందురా? రెండు పట్టీలను కలిపి అడుగునట్లు కొన్ని వరుసలు మార్చగా, 41 ఒకటైనది.

రెండవ తప్పు పూర్తిగా మనదే. ఫోనుతో తీసిన బొమ్మలను ఉన్నవి ఉన్నట్లే ఎక్కించితిమి. 4000కు 3000 చుక్కల బొమ్మలో 1 కోటి 20 లక్షల చుక్కలుండును. ఫోను తెరకు 800కు 600 చాలును. చుక్కలు ఇరువదియైదవ వంతగును. అంచు దగ్గరగా చూడగోరువారికి మాత్రము పెద్ద బొమ్మను వేరుగా ఉంచితిమి.

1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రలో చేరి, బళ్లారి మైసూరులో చేరినది మొదలు మన చుట్టములు రెండు వైపుల నున్నారు గదా. అందుచే సైటు తెలుగు, కన్నడము రెంట నున్నది. అందరికి రెండు భాషల అక్షరములు పంపుట మాని, కోరిన భాషవే పంపుచున్నాము.

ఇక కాషె. అనగా తయారైన పుటను దాచి, అడిగినవారందరికి అదే ఇచ్చుట. పెద్దవారికిని ఇందులో చిక్కులు తప్పలేదు. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ మరణించినపుడు వికీపీడియాలో ఆయన పుటకై జనము విరుచుకుపడిరి. పుట మాటిమాటికి మారుటచే దాచిన ప్రతి చెల్లక, అనేక సర్వరులు ఒకే పుటను ఏకకాలమున తయారుచేయబోయి క్రుంగినవి. ఒకటి తయారుచేయుచుండగా తక్కినవి వేచియుండునట్లు వారు తరువాత కోడు చేర్చిరి.

మేమును ఇందులో పొరపాటు చేసితిమి. చీరల నిల్వ లెక్కను కూడ పది నిమిషములు దాచి, ఒక్కటే ఉన్న చీరను ఇద్దరికి అమ్మితిమి! ఒకరికి సొమ్ము తిరిగి ఇచ్చి, క్షమాపణ చెప్పుకొంటిమి. ఆ చీర నేసిన అమ్మ, "నాకున్నవి రెండు చేతులే గదా నాయనా" అని నవ్వినది. ఇప్పుడు బొమ్మలు, వివరములు దాచబడును. నిల్వను మాత్రము ప్రతి కొనుగోలునందు డేటాబేసులో సరిచూచుదుము.

2025 ఆగస్టు 7న అదే సర్వరు మధ్యాహ్నము కొంత మందగించినది గాని, నిలిచిపోలేదు. సభ్యులు ఇకమీదట చీరకొక చిన్న బొమ్మ, అంచు, కొంగులకు మాత్రము పెద్ద బొమ్మలు పంపవలెను. తగ్గించుట తెలియనివారు ఫోనుతో సంఘ కార్యాలయమునకు రావచ్చును.