వైఫై నివేదికలను ఎప్పటికప్పుడు ముద్రించుకోవాలి

కళాశాలలు, ఆసుపత్రుల్లోని వైఫై నెట్‌వర్క్‌ల తీరును నిర్వహణ వ్యవస్థలు అనుక్షణం గమనిస్తుంటాయి. యాక్సెస్ పాయింట్లు, వాటిని నడిపే కంట్రోలర్ల నుంచి వివరాలు సేకరించేందుకు ఎక్కువగా 1988లో వెలువడిన ఎస్ఎన్ఎంపీ పద్ధతిని వాడతాయి. అయితే పాత వివరాలను సాధారణంగా సగటు అంకెలుగా కుదించి, గడువు తీరాక తొలగిస్తాయి. సిగ్నల్ అందలేదన్న ఫిర్యాదు ఆలస్యంగా వస్తే అప్పటికి ఆధారం మిగలదు.

అందుకే నివేదికల విభాగంలో యాక్సెస్ పాయింట్లను, కాలవ్యవధిని ఎంచుకుని, వారానికోసారి ఈ-మెయిల్‌కు చేరేలా అమర్చుకోవడం మేలు. ఒకప్పటి సిస్కో డబ్ల్యూసీఎస్‌లోనూ ఈ సదుపాయం ఉండేది. ముద్రణకు పీడీఎఫ్, లెక్కలకు సీఎస్‌వీ అనువైనవి. సీఎస్‌వీలో పేజీ అమరిక ఉండదు కనుక నేరుగా ముద్రిస్తే గళ్లు చెదురుతాయి. సర్వర్ గడియారాన్నీ సరిచూసుకోవాలి. సమయం తప్పుగా నమోదైతే చేతిలో కాగితమున్నా అది సాక్ష్యంగా నిలవదు.